నల్లగట్టులో ఆరో తరగతి

తోమాసు మాస్టారు బి.ఇడి. చదువుతున్నాడన్న సంగతి ఖమ్మంలో ఆయన ఇల్లున్న ఖానాపురం హవేలిలో తెలియనివాళ్ళు లేరు. ఇంటి పక్కవాళ్ళకి తెలుసు, చర్చిలో ఆయన వెనక బెంచీలో కూర్చునేవాళ్ళకి తెలుసు, షేర్ ఆటోల వాళ్ళకి కూడా తెలుసు. నలభై రెండేళ్ళ మనిషి, నడినెత్తిన జుట్టు పలచబడ్డ మనిషి, ఆదివారం ఆరాధన ముగియడమే ఆలస్యం, పుస్తకాల సంచీ భుజాన తగిలించుకుని యూనివర్సిటీ స్టడీ సెంటర్‌కి పరుగెత్తుతుంటే తెలియకేం చేస్తుంది. తెలియనిదల్లా ఆయన పనిచేసే కోయపల్లె నల్లగట్టు గుంపు వాళ్ళకి. ఎవరి కోసం ఆ చదువు మొదలుపెట్టాడో సరిగ్గా వాళ్ళకే ఆయన చెప్పలేదు.

నల్లగట్టు గుంపు పర్ణశాల దాటి అడవిలోకి పదకొండు కిలోమీటర్లు. యాత్రికుల బస్సులు పర్ణశాల దాకా వస్తాయి. జనం గోదావరి ఒడ్డున ఫొటోలు దిగి, కొబ్బరికాయ కొట్టి, వచ్చిన దోవనే వెనక్కి పోతారు. అక్కణ్ణించి ముందుకి వెళ్ళాలంటే పని ఉండాలి, లేదా ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ ఉండాలి. తోమాసు మాస్టారికి రెండోది ఉంది. రెండు వేల సంవత్సరంలో ఆ ఆర్డర్ పట్టుకుని, మొహం ముడుచుకుని, ఒక ట్రంకు పెట్టెతో దిగాడాయన. ముప్పై ఎనిమిది కోయ ఇళ్ళు, ఒక్క గది బడి, ఐదు తరగతులకీ కలిపి ఒక్క పంతులు. మొదటి ఏడాది క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటూ గడిపాడు. ఆ మాట ఆయనే ఒప్పుకుంటాడు.

తర్వాత ఏమైందో ఏమో, మనిషి ఆ ఊరికి అంటుకుపోయాడు. మొదట పిల్లల దగ్గరే కోయ మాటలు నేర్చుకున్నాడు. నేర్చుకుంటూ తప్పులు మాట్లాడితే వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు, ఆ నవ్వుల్లోనే వాళ్ళకి నాలుగు తెలుగు మాటలు కూడా పట్టుబడేవి. మూడో ఏటికి బడిలో అందరూ చదవడం మొదలుపెట్టారు. అప్పుడు అసలు దుఃఖం కనబడింది. ఐదో తరగతి అయిపోగానే పిల్లలు ఆగిపోయేవాళ్ళు. ఆరో తరగతి కావాలంటే వాగు దాటి తొమ్మిది కిలోమీటర్లు నడవాలి, వానాకాలం నాలుగు నెలలు ఆ వాగు మనుషుల్ని దాటనివ్వదు. గవర్నమెంటు హాస్టల్ ఉంది కదా అంటారు. రెండు వేల ఒకటిలో ఇద్దరాడపిల్లల్ని హాస్టల్లో వేస్తే, అందులో ఒకతె జ్వరంతో పోయింది. కబురు కంటే ముందు శవమే వచ్చింది. ఆ రోజు నుంచి హాస్టల్ అన్న మాట నల్లగట్టులో ఎవరూ ఎత్తరు.

మండల విద్యాధికారి దగ్గరికి తోమాసు కాళ్ళరిగేలా తిరిగాడు. ఆయన చివరికి ఒక దారి చెప్పాడు. బడిని ఏడో తరగతి దాకా పెంచొచ్చు, కానీ కొత్త పోస్టు రాదు, ఉన్న పంతులికే బి.ఇడి. ఉండాలి, పాసై అక్కడే పనిచేస్తానని కాగితం రాసివ్వాలి. బి.ఇడి. ఉన్నవాడెవడూ ఆ అడవికి రాడనీ, అడవిలో ఉన్నవాడు బి.ఇడి. అవగానే అక్కడ ఉండడనీ, అందుకే ఆ ప్రతిపాదన ఎప్పటికీ ఫైల్లోనే పడుంటుందనీ కూడా నవ్వుతూ చెప్పాడు. తోమాసుకి నవ్వు రాలేదు. ఆ వారమే వెళ్ళి, పనిలో ఉన్న టీచర్ల కోసం యూనివర్సిటీ నడిపే దూరవిద్య బి.ఇడి.లో చేరాడు.

భార్య ఫ్లోరెన్స్ ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు. భర్త చదువుకి చార్టులు గీసిచ్చింది, రాత్రి డ్యూటీ చేసొచ్చి కూడా అసైన్‌మెంట్లు తిరగరాసిచ్చింది. అసలు సంగతి తెలిశాక మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నం వడ్డిస్తూ ఒక్కసారే అంది.

“అందరు అడివి నుంచి బయటపడనీకి బి.ఇడి. చేస్తరు. మీరు అడివిల ఉండనీకి చేస్తున్నరు. గిదేం చదువో నాకైతె సమజైతలేదు.”

ఆయన తల వంచుకుని అన్నం తిన్నాడు.

రెండేళ్ళలో కావలసిన చదువు నాలుగేళ్ళు పట్టింది. మొదటి ఏడాది మనస్తత్వ శాస్త్రం పేపర్‌లో మూడు మార్కులకి పోయింది. నాలుగేళ్ళ నుంచి ముప్పై మంది పిల్లల మనసులు తెలుసుకుని బతుకుతున్నవాడు మనస్తత్వ శాస్త్రంలో తప్పడం చూసి తోటి టీచర్లు తెగ నవ్వుకున్నారు. రెండో ఏడాది వాగు పొంగి వర్క్‌షాప్‌కి నాలుగు రోజులు వెళ్ళలేకపోయాడు, హాజరు చాలలేదన్నారు. మూడో ఏడాది, రెండు వేల ఆరులో, అన్నీ అయిపోయి ఆఖరి పరీక్ష పాఠం ఒక్కటే మిగిలింది. ఖమ్మంలో హైస్కూలు పిల్లల ముందు, యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడి ఎదుట ముప్పావు గంట పాఠం చెప్పాలి. ఆ తేదీ నాటికి గోదావరి ఊళ్ళ మీదికి వచ్చింది. తోమాసు నల్లగట్టులో బడి అరుగు మీద కూర్చుని వాన చూస్తూ ఆ రోజు గడిపాడు. నాలుగేళ్ళు దాటితే పేరు కొట్టేస్తారు. మళ్ళీ మొదటి నుంచి చేరాలంటే నలభై ఏళ్ళ లోపువాళ్ళకే అవకాశం. మిగిలింది రెండు వేల ఏడు ఏప్రిల్ ఒక్కటే.

స్టడీ సెంటర్‌లో కౌన్సెలర్‌గా ఉన్న నిర్మలాదేవి మేడం లేకపోతే ఆ ఏప్రిల్ దాకా కూడా వచ్చేవాడు కాదు. ఆవిడది సత్తుపల్లి వైపు వ్యవసాయ కుటుంబం. మాట మెత్తన, పట్టు గట్టి. అడవి మండలాల్లో పనిచేసే టీచర్లని మైదానంలో వాళ్ళతో కలిపి కొలవడం అన్యాయమని యూనివర్సిటీకి ఒకటి కాదు, పదకొండు ఉత్తరాలు రాసింది. చివరికి ఆ ఫిబ్రవరిలో ఉత్తర్వు వచ్చింది. అడవి మండలాల టీచర్లు కావాలంటే తమ బడిలోనే, తమ పిల్లల ముందే ఆఖరి పాఠం చెప్పుకోవచ్చు, పరీక్షకుడే అక్కడికి వస్తాడు. అయితే అంతకుముందు ఎవరో చెప్పని పాఠాలు చెప్పినట్టు రాయించుకుని దొరికిపోయారు. అందుకని హాజరుపట్టీలో పేరున్న పిల్లలు పది మందికి తగ్గకుండా ఉండాలనీ, పాఠం జరుగుతుండగా తీసిన ఫొటో జతచేస్తేనే మార్కులు చెల్లుతాయనీ అందులో షరతు పెట్టారు.

ఉత్తర్వు చేతికిస్తూ నిర్మలాదేవి మేడం ఇంకో మాట కూడా చెప్పింది. ఏప్రిల్‌లో వాగు ఎండి ఉంటుంది కాబట్టి ఆయన ఖమ్మం రావచ్చు, ఇక్కడ హైస్కూల్లో నలభై మంది పిల్లలు సిద్ధంగా ఉంటారు, ఫ్యాన్ కింద ముప్పావు గంటలో అయిపోతుంది, ఆలోచించుకోమంది. తోమాసు ఆలోచించుకోలేదు. అక్కడే అన్నాడు.

“వాళ్ళు నా పిల్లలు కాదు మేడం. నేనేం చెప్పగల్గుతనో చూడాల్నంటే మా పిల్లల ముందల చూడాలె.”

ఆ మాట ఆ తర్వాత ఆయన ఎన్నిసార్లు తలుచుకుని ఉంటాడో లెక్క లేదు. అది పొగరా, ప్రేమా అంటే రెండూ ఉన్నాయి. నల్లగట్టు పిల్లలు భిన్నాలు చేస్తుంటే యూనివర్సిటీ వాళ్ళు చూడాలని ఆయనకి నాలుగేళ్ళుగా ఆశ.

ఇక ఊరికి ఎందుకు చెప్పలేదంటారా, దానికీ కారణం ఉంది. నల్లగట్టుకి చెప్పి చెయ్యనివాళ్ళు అప్పటికే చాలామంది వచ్చిపోయారు. వాగు మీద వంతెన వస్తుందని కొలతలు తీసుకుని పోయినవాళ్ళు తిరిగి రాలేదు. బోరు వేస్తామని కొబ్బరికాయ కొట్టిన చోట ఇప్పుడు మేకలు కడతారు. కరెంటు స్తంభాలు వచ్చాయి, తీగ రాలేదు. ఆ వరసలో ‘ఆరో తరగతి తెస్తానన్న సారు’ అని తన పేరు చేరడం తోమాసుకి ఇష్టం లేదు. ముఖ్యంగా పోతయ్య ముందు. పోతయ్య ఆ ఊరి పెద్ద, పూజలు చేసేదీ పండుగలు నిలిపేదీ ఆయనే. ఆయన మనవరాలు సమ్మక్క ఈ ఏడు ఐదో తరగతి ముగించింది. బడి మొత్తానికి అంత తెలివైన పిల్ల లేదు. చిన్నవాళ్ళకి తనే అక్షరాలు దిద్దిస్తుంది. ఫలితాలు చేతికొచ్చాక, ఆర్డర్ కాగితం తీసుకుని నేరుగా పోతయ్య ఇంటికి వెళ్ళి, నీ మనవరాలికి ఆరో తరగతి వచ్చిందని చెప్పాలని ఆయన కోరిక. ఆ ఒక్క క్షణం కోసం నాలుగేళ్ళు నోరు కట్టుకున్నాడు.

పరీక్ష పాఠానికి ఏప్రిల్ పన్నెండు, గురువారం ఖాయమైంది. ఒంటిపూట బడులు నడుస్తున్న రోజులు. పది రోజుల ముందు నుంచే తోమాసు వెదురు బద్దలు చీల్చి, సగాలు, మూడో వంతులు, నాలుగో వంతులుగా కోసి, రంగులు వేశాడు. బుధవారం మధ్యాహ్నం బడి వదిలేటప్పుడు పిల్లలకి చెప్పాడు. రేపు యూనివర్సిటీ నుంచి పెద్ద సారు వస్తున్నాడు, అందరూ స్నానం చేసి, తల దువ్వుకుని ఏడున్నరకల్లా రావాలని. పిల్లలు సరేనన్నారు. సమ్మక్క మాత్రం ఆయన వైపు ఒక్కసారి చూసి ఇంటికి పరుగెత్తింది. పరీక్షకుడికి దోవ తెలియదు కనక తనే స్వయంగా వెంటబెట్టుకు రావాలని తోమాసు ఆ సాయంత్రమే సైకిల్ మీద పర్ణశాలకీ, అక్కణ్ణించి బస్సులో భద్రాచలానికీ వెళ్ళాడు.

పరీక్షకుడు రామ్‌చందర్ గారు మంచివాడు. ఆ రోజు జరిగినదానిలో ఆయన తప్పేమీ లేదు. పొద్దున్నే కారెక్కి, దోవ పొడుగునా తోమాసు చెప్పే కబుర్లన్నీ శ్రద్ధగా విన్నాడు. కోయ మాటల్లో సగానికి ఏమంటారో, పావుకి ఏమంటారో అడిగి నోటు పుస్తకంలో రాసుకున్నాడు. మిమ్మల్ని చూడ్డానికి ఇంత దూరం రావడం నాకు సంతోషంగా ఉంది మాస్టారూ అన్నాడు. తోమాసు కిటికీ వైపు తిరిగి లోపల్లోపల ప్రార్థన చేసుకున్నాడు.

ఎనిమిదింటికి కారు నల్లగట్టు చేరింది. బడి ముందు ఎవరూ లేరు. పిల్లలు ఎక్కడో ఆడుతున్నారనుకుని తోమాసు గంట కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఊళ్ళో కోళ్ళు తప్ప ఇంకేవీ కదల్లేదు. ఒక్క ఇంటి కప్పు మీద కూడా పొగ లేదు. ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. తలుపులకి తడికలు అడ్డం పెట్టి ఉన్నాయి. చివరి ఇంట్లో బుల్లెమ్మ ముసలమ్మ మంచంలో ఉంది. కాళ్ళు పడిపోయి మూడేళ్ళయింది ఆవిడకి.

“పండుగ సారూ,” అంది బుల్లెమ్మ. “అందరు గట్టు మీదికి పోయిన్రు. నిన్న పొద్దుమూకినంక పోతయ్య చెప్పిండు.”

మామిడి పండుగ సంగతి తోమాసుకి తెలుసు. గట్టు మీద ఉన్న అమ్మవారికి కొత్త కాయ పెట్టేదాకా ఊళ్ళో ఎవరూ మామిడికాయ నోట పెట్టరు. ఆ పండుగ ఏ రోజన్నది క్యాలెండర్ చెప్పదు, పోతయ్య చెబుతాడు. ఆయన రేపంటే రేపే. నడవగలిగినవాళ్ళంతా చంటిపిల్లలతో సహా గట్టెక్కాలి, ఇంట్లో పొయ్యి వెలగకూడదు, పొద్దు తిరిగాకగాని ఊళ్ళోకి రాకూడదు. కానీ ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పండుగ బడులకి సెలవులిచ్చే లోపల రాలేదు. కాయలు ఇంకా ముదరనే లేదు. ఇదేం ఖర్మ, ఇవాళే ఎందుకు పెట్టాడు, అని తోమాసు బుల్లెమ్మనే అడిగాడు. ఆవిడ మొహం తిప్పుకుంది.

ఆయన గట్టు వైపు పరుగెత్తాడు. కొత్త చొక్కా తుప్పలకి పట్టుకుని చిరిగింది. గట్టు కిందికి చేరేసరికి దోవకి అడ్డంగా పచ్చి కొమ్మ వేసి ఉంది. పండుగ రోజు ఆ కొమ్మ పడ్డాక బయటివాళ్ళు దాటకూడదు. దాటితే ఆ ఏడు ఊరికి వచ్చే ప్రతి జ్వరమూ, చచ్చే ప్రతి మేకా దాటినవాడి మీదికే వస్తుంది. తోమాసు ఆ నమ్మకాన్ని నమ్మేవాడు కాదు, అలాగని ఏడేళ్ళలో ఏనాడూ కించపరచలేదు. కొమ్మ ముందు నిలబడి కాలెత్తాడు. దించాడు. పోనీ పక్కనించి తుప్పలు నరుక్కుంటూ గట్టెక్కినా గంట పడుతుంది, వాళ్ళు పండుగ మధ్యలో దిగిరారు. ఆయన చేతులు నోటికి అడ్డం పెట్టుకుని పిల్లల్ని పేరు పేరునా పిలిచాడు. సమ్మక్కని రెండుసార్లు పిలిచాడు. గట్టు మీద డోలు చప్పుడు వినబడుతోంది కాని ఎవరూ పలకలేదు.

రామ్‌చందర్ గారు పన్నెండున్నర దాకా, బడి వేళ ముగిసేదాకా కూర్చున్నాడు. పక్క ఊరి పిల్లల్ని కార్లో తెద్దామా అని ఆయనే అడిగి, హాజరుపట్టీ షరతు గుర్తొచ్చి ఆయనే వద్దన్నాడు. రేపు చూడండి సార్ అని తోమాసు బతిమాలాడు. రేపు ఆయన అశ్వారావుపేటలో ఇంకో టీచర్ పాఠం చూడాలి. అదీగాక తనకిచ్చిన ఉత్తర్వులో ఫలానా తేదీ అని ఉంది, వేరే తేదీన చెప్పిన పాఠం చెల్లదు, పదిహేనో తేదీతో తోమాసు రిజిస్ట్రేషన్ ముగిసిపోతుంది. ఆయన ఫారం తీసి, విద్యార్థుల సంఖ్య అన్న చోట సున్న వేశాడు. తోమాసు కింద సంతకం చేశాడు. వెదురు బద్దలు బల్ల మీద వరసగా పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. వెళ్ళేముందు రామ్‌చందర్ గారు వాటిలో ఒకటి తీసి చూసి, బావుంది మాస్టారూ అని మెల్లిగా పెట్టేశాడు.

కారు వెళ్ళిపోయాక తోమాసు అరుగు మీదే కూర్చున్నాడు. ఏడవలేదు. ఫ్లోరెన్స్‌కి ఏం చెప్పాలి, నిర్మలాదేవి మేడానికి ఏం చెప్పాలి, ఆ పదకొండు ఉత్తరాలు ఏమైనట్టు, అని ఒకదాని వెంట ఒకటి వచ్చాయి, పోయాయి. ఖమ్మంలో ఆ నలభై మంది పిల్లల ముందు చెప్పి ఉంటే ఈపాటికి ఇంటికి పోయి అన్నం తింటూ ఉండేవాడు. జూన్‌లో ప్రతిపాదనలు పోతాయి, నల్లగట్టు పేరు తీసేసి రోడ్డు పక్క ఊరు ఏదో రాస్తారు. మళ్ళీ ఎప్పటికో. బహుశా ఎప్పటికీ లేదు. తన మీద తనకి అసహ్యం వేసింది.

మూడు గంటలప్పుడు డోలు చప్పుడు దగ్గరికొచ్చింది. ఊరంతా దిగింది. అందరి నుదుటా పసుపు ఉంది. పోతయ్య నేరుగా బడికే వచ్చాడు, మోదుగాకులో కోసిన మామిడి ముక్కలు పట్టుకుని. వెనక సమ్మక్క, ఆ వెనక పిల్లలంతా. ఏడేళ్ళలో పండుగ మొదటి కాయ ఊరివాడు కానివాడికి పెట్టింది లేదు.

“కారు పోయిందా సారూ?” అన్నాడు.

పోయిందన్నాడు తోమాసు.

“మంచిగైంది.” పోతయ్య ఆయన పక్కనే కూర్చుని ఆకు ముందు పెట్టాడు. “కోప్పడకు. మొన్న సంతల లాల్‌సింగు సారు కల్సిండు. ఆయన గూడ ఈ బడిలనే పని చేసిండు గద. నీ పరీక్ష సంగతి ఆయనే చెప్పిండు. గిది పాసైతె నిన్ను హైస్కూలుకు తీస్కపోతరంట. ఆయన గట్లనే పోయిండు, ఆయనకంటె ముందటోళ్ళు గట్లనే పోయిన్రు. మా బాస తెల్సిన సారువి నువ్వొక్కనివే. నిన్ను గూడ పోనిస్తె మల్ల మాకెవడొస్తడు? ఇయ్యాల ఆ సారొస్తడని నిన్న పిల్లలు చెప్పిన్రు, అందుకె పండుగ ముందుకు జరిపిన.”

తోమాసు మామిడి ముక్కల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయనకి అర్థమవుతోంది, కానీ ఆ అర్థం అంతా ఒక్కసారిగా లోపలికి దిగడం లేదు. పోతయ్య మనవరాలి భుజం పట్టి ముందుకి తెచ్చాడు. ఆయన మొహం నిండా పండుగ ఉంది.

“ఇగ నువ్వు యాడికి పోవు గద. ఈ పిల్లకు అయిదు ఐపోయింది. ఆరు నువ్వే చెప్పు. నువ్వున్నంక ఆరైతేంది, ఏడైతేంది.”

అప్పుడు కూడా ఊరుకోవచ్చు. సరే చెబుతానని ఒక ముక్క నోట్లో వేసుకుంటే ఆ సాయంత్రం అలా గడిచిపోయేది. కానీ నాలుగేళ్ళు ఊరుకున్నందుకే ఇంతైంది, ఇంకా ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

“నేను పోనీకి కాదు పోతయ్యా చదివింది,” అన్నాడు. “ఈడ ఉండనీకి.”

తర్వాత అంతా చెప్పాడు. సగం తెలుగులో, సగం కోయలో, మొదటి నుంచి చెప్పాడు. మండల ఆఫీసులో ఇచ్చిన మాట, వాగు పొంగిన ఏడాది, గోదావరి వచ్చిన ఏడాది, మేడం రాసిన ఉత్తరాలు, ఇవాళ్టి పాఠం, జూన్‌లో రావలసిన ఆరో తరగతి. ఆర్డర్ లేకుండా తను ఎంత చెప్పినా అది ఆరో తరగతి కాదనీ, దానికి పరీక్ష ఉండదనీ, చదివినట్టు ఎవరూ కాగితం ఇవ్వరనీ, ఆ కాగితం లేకుండా ఏడుకీ పదికీ ఏ బడీ చేర్చుకోదనీ చెప్పాడు. మాట్లాడుతుంటే డోలు ఆగిపోయింది. అరుగు చుట్టూ ఊరంతా చేరింది. తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. పోతయ్య నుదుటి మీద పసుపు చెమటకి కారి కంట్లో పడుతున్నా తుడుచుకోలేదు.

అంతా విన్నాక అడిగాడు.

“మాకెందుకు చెప్పలె?”

“ఐనంక చెప్దామనుకున్న.”

“ఒక్క మాట చెప్తె ఐపోతుండె గద సారూ.”

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే తోమాసుకి కాస్త తేలికగా ఉండేది. చెప్పి చెయ్యని వాళ్ళ వరసలో చేరకూడదని ఇన్నాళ్ళూ జాగ్రత్తపడ్డాడు. చెప్పకుండా చెరిపేవాడొకడు ఉంటాడని, అది తనే అవుతాడని ఊహించలేదు. ఆయన చేతులతో మొహం కప్పుకున్నాడు. పిల్లల ముందు ఏడవడం అదే మొదటిసారి.

సమ్మక్క దగ్గరికి వచ్చి మోకాలు పట్టుకుంది.

“నువ్వు పిల్సింది ఇనొచ్చింది సారూ. నా పేరు రెండు మాట్ల పిల్సినవ్. తాత పలకొద్దన్నడు. చిన్నోళ్ళు పలుకుతుంటె నేనే నోరు మూసిన.”

తప్పు చేసినప్పుడు బడిలో ఒప్పుకోవాలని తనే నేర్పాడు ఆ పిల్లకి. ఆయన ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు.

పోతయ్య లేచి నిలబడ్డాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, పొద్దుటి నుంచి పస్తు. బండి జాడలు పడిన దోవ వైపు తిరిగాడు.

“ఆ కారు ఎంత దూరం పోయి ఉంటది సారూ? ఎర్ర తుప్పల్ల నుంచి అడ్డదోవ ఉన్నది. మా పోరలు ఉరుకుతరు. నేనొచ్చి ఆ సారు కాళ్ళు పట్టుకుంట. పండుగ నేనే జరిపిన, పిల్లలది తప్పు కాదు, నీది తప్పు కాదని చెప్త.”

కారు వెళ్ళి మూడు గంటలు కావొస్తోంది. ఈపాటికి భద్రాచలం వంతెన దాటి, బూర్గంపాడు దాటి, అశ్వారావుపేట దారి పట్టి ఉంటుంది. తోమాసు ఆ మాట చెప్పేలోపలే ఇద్దరు యువకులు పంచెలు ఎగ్గట్టి అడ్డదోవన పరుగు తీశారు. వాళ్ళని చూసి సమ్మక్క కదిలింది. కనీసం పది మంది ఉండాలని సారు ఇందాక చెప్పాడు కదా, ఆ పిల్ల చిన్నవాళ్ళ చేతులు పట్టుకుని, వేళ్ళతో గబగబా లెక్కపెట్టుకుని, పది దాటాక కూడా ఆగకుండా అందర్నీ లేవదీసింది. పసుపు బొట్లతో, దువ్విన తలలతో పిల్లలంతా ఆ యువకుల వెనక పడ్డారు. తల్లులు ఆపలేదు. ఒక పిల్లాడు రాయి తగిలి పడ్డాడు, లేచి మళ్ళీ పరుగెత్తాడు.

ఆగండి అని కేకేద్దామని తోమాసు లేచాడు. పొద్దున అరిచి అరిచి బొంగురుపోయిన గొంతులో కేక రాలేదు.

“శానా దూరం పోయింది పోతయ్యా,” అన్నాడు.

పోతయ్య వినిపించుకోలేదు. పిల్లలు పోయిన దోవ వైపే చూస్తూ, ఉరకండి, జల్దీ ఉరకండి, అంటున్నాడు.